సగం ధరకే ఇస్తామన్నా నేవీ ఎందుకు తీసుకోదు?

మీరు అడిగింది ఇది: గాజువాక ఆటోనగర్‌లో మీకు పంపుల యూనిట్ ఉంది. ఒక యుద్ధనౌకకు ఎనిమిది సముద్రపు నీటి పంపులు కొంటున్నారని తెలిసింది. తీరా చూస్తే ఎంక్వైరీ ఒక్క కంపెనీకే, పీఏసీ (ఆ కంపెనీ వస్తువు తప్ప వేరేది పనికిరాదని ఇచ్చే సర్టిఫికెట్) మీద వెళ్లింది. అదే కెపాసిటీ, అదే హెడ్ (నీళ్లను ఎక్కించే ఎత్తు) ఉన్న పంపు సగం ధరకే ఇస్తామని లేఖ రాశారు. జవాబు రాలేదు. ‘ఇందులో ఏదో మతలబు ఉంది. ఆర్టీఐ వేయాలా, కోర్టుకు వెళ్లాలా?’ అంటున్నారు.

నా ఉద్యోగమంతా ఈ ఫైళ్ల మధ్యే గడిచింది. సగం కాలం కొనుగోలు వైపు, సగం కాలం ఇన్‌స్పెక్షన్ వైపు. రిటైరయ్యాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మతలబు ఉందో లేదో మీరు రాసినదాన్ని బట్టి తేల్చలేం. కానీ మీరు ఇస్తానన్న పంపూ వాళ్లు కొంటున్న పంపూ ఒకటి కావన్నది మాత్రం మీ లేఖలోనే కనిపిస్తోంది. వాళ్లు పంపుతోపాటు, అది నౌక మీద నిలబడుతుందన్న రుజువును కూడా కొంటున్నారు. మీ దగ్గర పంపు ఉంది, రుజువు లేదు.

ముందు పంపు సంగతే చూద్దాం. మీ కేటలాగులో మోటారు 415 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. మన ఫ్యాక్టరీలకు వచ్చే కరెంటు అదే. మన యుద్ధనౌకల్లో చాలావాటిలో కరెంటు 60 హెర్ట్జ్. రష్యా వైపు నుంచి వచ్చినవాటిలో 380 వోల్టులు, 50 హెర్ట్జ్ ఉంటుంది. మీ పంపును తీసుకెళ్లి 60 హెర్ట్జ్ మీద పెడితే ఐదో వంతు వేగం పెరుగుతుంది. వేగం 1.2 రెట్లయితే నీళ్లు 1.2 రెట్లు, హెడ్ 1.44 రెట్లు, మోటారు లాగే పవరు 1.73 రెట్లు. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీరు రోజూ చేసే లెక్కే. అయినా లేఖలో 50 హెర్ట్జ్ కేటలాగు జతచేశారు. అది చూసిన ఇంజినీరు రెండో పేజీ తిప్పి ఉండడు. జవాబు రాకపోవడానికి ఇదే కారణమని నేను అనను, ప్రభుత్వాఫీసుల్లో మంచి లేఖలకూ జవాబు రాదు. కానీ ఇదీ ఒక కారణమే అయ్యుండొచ్చు.

ఇక లోహం. మీ పంపు కేసింగ్ పోత ఇనుము, ఇంపెల్లర్ ఇత్తడి. వ్యవసాయానికి, అపార్ట్‌మెంటుకు బంగారం లాంటి పంపు. నౌకలో సముద్రపు నీటి పంపుకు సాధారణంగా గన్‌మెటల్ (రాగిలో తగరం, జింకు కలిపిన కంచు) గానీ, నికెల్ అల్యూమినియం బ్రాంజ్ గానీ అడుగుతారు. మామూలు ఇత్తడిని ఉప్పునీళ్లలో పెడితే అందులోని జింకు మెల్లగా వెళ్లిపోతుంది, మిగిలిన రాగి ఎర్రగా గుల్లబారిపోతుంది. కొలతలు మారవు, బయటికి ముక్క బాగానే కనిపిస్తుంది, స్క్రూడ్రైవరుతో గుచ్చితే లోపలికి దిగిపోతుంది. నేనొకసారి స్వయంగా గుచ్చి చూశాను. అత్యవసరమని లోకల్‌గా కొన్న ఒక వాల్వు భాగం అది. బిల్లులో గన్‌మెటల్ అని రాసి ఉంది. ఎవరు కావాలని మోసం చేశారో, ఫౌండ్రీలో మూస ఎక్కడ మారిందో మాకు చివరిదాకా తెలియలేదు, ఎందుకంటే ఆ ముక్క మీద హీట్ నంబరే లేదు. ఏ కరుగు నుంచి ఏ ముక్క వచ్చిందో చెప్పలేని చోట రసాయన పరీక్ష కాగితానికి విలువ లేదు. ఆ రోజు నుంచి నాకు గన్‌మెటల్ అన్న మాట వింటే ముందు హీట్ నంబరు గుర్తొస్తుంది.

పోత ఇనుము విషయం ఇంకా ముఖ్యం. దాన్ని వద్దనడానికి తుప్పు ఒక్కటే కారణం కాదు. దెబ్బ తగిలితే అది వంగదు, పెటిల్లున పగులుతుంది. నౌకకు దెబ్బంటే మనకు టార్పెడో తగిలి పక్క చీలడమే మనసులో మెదులుతుంది. అసలు భయం వేరు. 1939 నవంబరు 21న బ్రిటన్ యుద్ధనౌక బెల్‌ఫాస్ట్ స్కాట్లండ్‌లోని ఫర్త్ ఆఫ్ ఫోర్త్‌లో అయస్కాంత మైను మీదుగా వెళ్లింది. మైను నౌకకు తగలాల్సిన పని లేకుండా కిందే పేలింది. బయటి రేకు చూస్తే పెద్ద గండి పడలేదు. లోపల మాత్రం నౌక వెన్నెముక విరిగింది, యంత్రాలు, పరికరాలు విరిగి పనికిరాకుండా పోయాయి. అది బాగుపడి మళ్లీ సేవలోకి వచ్చేసరికి 1942 నవంబరు. ఇప్పుడు లండన్‌లో థేమ్స్ నది మీద మ్యూజియంగా ఉంది. మన తెలుగువాళ్లు లండన్ వెళ్తే టవర్ బ్రిడ్జి పక్కన ఫొటో దిగేది దాని ముందే.

నీటి కింద పేలుడు జరిగితే మొదట షాక్ తరంగం వస్తుంది. తర్వాత వాయు బుడగ ఉబ్బుతూ ముడుచుకుంటూ మొత్తం నౌకను కొరడాలా ఊపుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో నేర్చుకున్న పాఠం ఏమిటంటే, నౌక తేలుతూ ఉండి కూడా పంపులు ఆగిపోతే, బ్రేకర్లు ట్రిప్ అయితే, అది పోరాడలేదు. మంట ఆర్పడానికి నీళ్లు రావు, లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోవు. అందుకే మీ పంపు లాంటి సాదాసీదా వస్తువుకు కూడా షాక్ పరీక్ష అడుగుతారు. అమెరికా వాళ్లు 2021లో తమ కొత్త విమాన వాహక నౌక జెరాల్డ్ ఫోర్డ్ పక్కన సముద్రంలో మూడుసార్లు, ఒక్కోసారి 40,000 పౌండ్ల పేలుడు పదార్థం పేల్చి చూసుకున్నారు. అంటే సుమారు 18 టన్నులు. కొత్త నౌక, అందులో మనుషులు ఉండగానే.

విడి పరికరానికి అంత హంగామా అక్కర్లేదు. అమెరికా ప్రమాణం ప్రకారం తేలికపాటి పరికరాన్ని ఒక యంత్రం మీద బిగించి, 400 పౌండ్ల సుత్తిని 1 అడుగు, 3 అడుగులు, 5 అడుగుల ఎత్తు నుంచి మూడు దిశల్లో వేస్తారు. మొత్తం తొమ్మిది దెబ్బలు. గ్రేడ్ ఏ పరికరమైతే ఆ తర్వాత కూడా పనిచేయాలి. గ్రేడ్ బీ అయితే పనిచేయకపోయినా ఫరవాలేదు, ఊడిపడి మనిషిని గానీ, పక్కనున్న గ్రేడ్ ఏ పరికరాన్ని గానీ కొట్టకూడదు. మన నౌకాదళానికి సొంత షాక్ గ్రేడ్లు ఉన్నాయి, ఏ పరికరానికి ఏ గ్రేడ్ అన్నది టెక్నికల్ స్పెసిఫికేషన్‌లో రాస్తారు. మీ పంపు నౌకలో ఏ డెక్ మీద, ఏ రకం మౌంట్ల (కింద బిగించే ఆధారాల) మీద కూర్చుంటుందన్న దాన్ని బట్టి అది మారుతుంది. విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గరున్న ఎన్‌ఎస్‌టీఎల్, అంటే 1969లో పెట్టిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల, ఈ షాక్, వైబ్రేషన్ విషయాల్లో దేశంలోనే పెద్ద దిక్కు. మీ షెడ్డు నుంచి అరగంట దూరం. మీరెప్పుడైనా ఆ గేటు లోపల ఎవరితోనైనా మాట్లాడారా?

షాక్ ఒక్కటే కాదు. మోటారుకూ స్టార్టరుకూ జేఎస్‌ఎస్ 55555 అనే రక్షణ శాఖ ప్రమాణం కింద వేడి, తేమ, ఉప్పు తుంపర, బూజు, వైబ్రేషన్ పరీక్షలు. స్టార్టరులో ఎలక్ట్రానిక్స్ ఉంటే విద్యుదయస్కాంత పరీక్షలు కూడా. మీ పంపు స్టార్టయినప్పుడల్లా పక్క గదిలో రేడియోలో బరబరమని శబ్దం వస్తే కుదరదు కదా. ఇక పంపు చేసే చప్పుడుకూ హద్దు ఉంటుంది. ఆ చప్పుడు హల్ (నౌక బయటి ఒళ్లు) గుండా నీళ్లలోకి పోయి శత్రు జలాంతర్గామి చెవిన పడుతుంది.

ఇంత చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్ కంపెనీ పేరు మీద ఉండదు, ఆ మోడల్ మీద ఉంటుంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ డ్రాయింగు మీద, ఆ రివిజన్ మీద, ఆ మౌంట్లతో, ఆ మోటారుతో. బేరింగు కంపెనీ మార్చినా, ఫౌండ్రీ మార్చినా, బేస్‌ప్లేటు మందం తగ్గించినా ఇన్‌స్పెక్షన్ వాళ్లకు చెప్పాలి. వాళ్లు ఒక్కోసారి పోలిక చూపించి పాత పరీక్ష చాలంటారు, ఒక్కోసారి మళ్లీ చేయమంటారు. అందుకే పాత సప్లయర్ కూడా ఏదీ మార్చడానికి ఇష్టపడడు. ఇరవై ఏళ్ల నాటి డిజైన్ పంపు ఇప్పటికీ కొనడం చూసి మీరు నవ్వుకుని ఉంటారు. మార్కెట్లో అంతకంటే మంచి పంపులున్నా, దెబ్బలు తిని నిలిచిన కాగితం దానికొక్కదానికే ఉంది.

సరే, ఇప్పుడు పీఏసీ. ప్రొప్రైటరీ ఆర్టికల్ సర్టిఫికెట్. దీనికి మూలం 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 166వ నియమం. ఒక్కరి దగ్గరే కొనడానికి అది మూడు దారులే ఇచ్చింది. ఆ వస్తువు తయారుచేసేది ఒక్క సంస్థేనని వాడేవాళ్లకు తెలిసి ఉండటం ఒకటి. అత్యవసరం రెండోది, కారణం రాసి అనుమతి తీసుకోవాలి. ఇప్పటికే ఉన్న యంత్రాలతో సరిపోవడానికి, స్టాండర్డైజేషన్ కోసం, సాంకేతిక నిపుణుడి సలహా మీద ఎంపిక చేసిన సంస్థ దగ్గర కొనడం మూడోది. మొదటిదానికీ మూడోదానికీ పీఏసీ తప్పనిసరి. అందులో ‘ఫలానా కారణాల వల్ల మరో మేక్, మరో మోడల్ పనికిరాదు’ అని రాసి, ఫైనాన్స్ ఒప్పుకోలు, అధికారి ఆమోదం చూపించాలి. మీ కేసు బహుశా మూడో దారిలోది. ఆ తరగతి నౌకలన్నింటిలో అదే పంపు ఉంటే, స్టోర్సులో దాని స్పేర్లు ఉంటే, సిబ్బందికి దాని మీదే ట్రైనింగ్ ఉంటే, ఒక్క నౌకలో వేరే పంపు పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. సముద్రం మధ్యలో సీలు పోతే పక్క నౌక నుంచి అరువు తెచ్చుకునే వీలుండాలి మరి.

బయటివాళ్లు అనుకున్నట్టు పీఏసీ సంతకం పెట్టడం అధికారులకు సరదా కాదు. టెన్షన్ పెట్టే సంతకం అది. 2006లో మీరట్ నగరపాలక సంస్థ కబేళా విషయంలో ఒక మాంసం ఎగుమతి కంపెనీతో నడిచిన కేసులో, ప్రభుత్వ కాంట్రాక్టు ఇవ్వాలంటే టెండరు గానీ వేలం గానీ మూల సూత్రమని, లేకపోతే రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆ తీర్పును ఉటంకిస్తూ అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపింది. కబేళా కేసు యుద్ధనౌకల పంపుల ఫైళ్లలో కూడా ప్రస్తావనకు వస్తుందంటే నమ్మరు గానీ, వస్తుంది. అందుకే ఆడిట్ వాళ్లు ఫైలు తెరిచాక మొదట వెతికేది పీఏసీలో కారణం రాసిన గడినే.

ఇక మీ అనుమానం సంగతి. బద్ధకపు పీఏసీలు ఉంటాయి, అబద్ధం చెప్పను. కారణం గడిలో ‘యూజర్ రిక్వైర్‌మెంట్’ అని రెండు మాటలు రాసి పంపిన ఇండెంట్లు (ఫలానాది కొనమని అడిగే పత్రాలు) నేనే వెనక్కి కొట్టాను. కొన్ని వెనక్కి కొట్టలేకపోయాను కూడా, నౌక బయలుదేరే తేదీ నెత్తి మీద ఉండేది. రక్షణ శాఖ 2009 కొనుగోలు మాన్యువల్ ఈ జబ్బును తెలిసే రాసింది. పీఏసీ గుత్తాధిపత్యాన్ని కట్టబెడుతుంది కాబట్టి ఆచితూచి ఇవ్వమంది. చాలా కంపెనీలు విడిభాగాలు తామే తయారుచేయకుండా బయట చేయించుకుంటాయని, అసలు తయారీదారు దగ్గర అవే చవగ్గా దొరకొచ్చని గుర్తు చేసింది. పీఏసీకి రెండేళ్ల గడువు కూడా పెట్టింది. 2025 నవంబరు 1 నుంచి కొత్త మాన్యువల్ వచ్చింది, దాని సంగతి కిందికి చెబుతాను.

బద్ధకపు పీఏసీని పట్టుకోవాలంటే పంపు దగ్గర కాకుండా స్పేర్ల దగ్గర చూడండి. పంపు కంపెనీ తన పార్ట్ నంబరు వేసి అమ్మే బేరింగు మీద లోపల 6308 అని చెక్కి ఉంటుంది. నలభై మిల్లీమీటర్ల షాఫ్టుకు పట్టే మామూలు బాల్ బేరింగు. డాబా గార్డెన్స్‌లో ఏ షాపులో అడిగినా ఇస్తారు. ఓ-రింగులు, గ్లాండ్ ప్యాకింగ్, కప్లింగ్ రబ్బర్లు అన్నీ ఇంతే. వీటిని కూడా పీఏసీ మీద కొంటుంటే అభ్యంతరం చెప్పే హక్కు మీకూ ఉంది, ఆడిట్‌కూ ఉంది. అయితే ఇక్కడా తొందరపడొద్దు. చప్పుడు హద్దు ఉన్న పంపులో అదే 6308ని వైబ్రేషన్ కొలిచి ఏరి వేస్తారు. క్లియరెన్సు (లోపలి సందు) తరగతి వేరేగా ఉండొచ్చు. షాపు బేరింగు పట్టుతుంది, తిరుగుతుంది, నౌక మాత్రం చప్పుడు చేస్తుంది. డ్రాయింగులో ఆ అక్షరాలు, ఆ సఫిక్సు చూడకుండా ‘ఇది మామూలు బేరింగే’ అని నేనూ ఒకప్పుడు ఫైలు మీద రాశాను. నాకంటే చిన్న ఆఫీసరు, ఇంజిన్ రూములో పనిచేసి వచ్చినవాడు, వచ్చి నాకు పాఠం చెప్పి వెళ్లాడు.

ధర విషయంలో మీ కోపం సమంజసమే. ఒక్కడే అమ్మేవాడైతే ధర వాడి చేతిలో ఉంటుంది. కొనేవాడి దగ్గర ఉండేది పాత కొనుగోలు ధర, దాని మీద ధరల సూచీ లెక్క, ఖర్చుల వివరం ఇవ్వమని అడగడం, బేరమాడే కమిటీ. కంపెనీ ఖర్చుల వివరం ఇవ్వనంటే? ‘కమర్షియల్ సీక్రెట్’ అంటే? అప్పుడు బల్లకు ఇవతల కూర్చున్న మాకు చేయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇది మన దేశపు రోగం మాత్రమే కాదు. అమెరికా రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019 ఫిబ్రవరిలో ట్రాన్స్‌డైమ్ అనే విడిభాగాల సంస్థ లెక్కలు చూస్తే, పరిశీలించిన 47 భాగాల్లో 46 భాగాల మీద అధిక లాభం తీసుకున్నట్టు తేలింది. అదనపు సొమ్ము 1.61 కోట్ల డాలర్లు. అమెరికా పార్లమెంటులో విచారణ జరిగాక కంపెనీ ఆ సొమ్ము తిరిగి ఇచ్చింది. అవి విమానాల భాగాలే గానీ సూత్రం ఒకటే.

ఒక్కడి మీదే ఆధారపడటం వల్ల ధరకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. మన డిస్ట్రాయర్లను, ముఖ్యంగా మన ఊరి పేరు పెట్టుకున్న ఐఎన్‌ఎస్ విశాఖపట్నం తరగతిని తీసుకోండి. అవి 2021 నుంచి సేవలో చేరాయి. వాటిని నడిపే గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నగరంలో ఉన్న జోర్యా-మాష్‌ప్రొయెక్ట్ సంస్థవి. రష్యాలో కట్టించిన తల్వార్ తరగతి ఫ్రిగేట్లకూ అవే. సోవియట్ రోజుల్లో ఇది ఒకే దేశం, ఎవరికీ పట్టలేదు. 2014 తర్వాత ఉక్రెయిన్ రష్యాకు టర్బైన్లు అమ్మడం మానేసింది. రష్యా తనకోసం కాలినిన్‌గ్రాడ్‌లో మొదలుపెట్టిన ఫ్రిగేట్ల హల్‌లు ఇంజిన్లు లేక నిలిచిపోయాయి. చివరికి 2018లో మనం వాటిలో రెండు తీసుకోవడానికి ఒప్పందం చేసుకుని, ఉక్రెయిన్ దగ్గర టర్బైన్లు మనమే కొని రష్యాకు పంపి బిగింపించాం. అమ్మేవాడికీ కట్టేవాడికీ మాటల్లేవు, మధ్యలో కొనుక్కునేవాడు మోయాల్సి వచ్చింది. ఆ రెండు నౌకలు తుశిల్ 2024 డిసెంబరులో, తమాల్ 2025 జులైలో నౌకాదళంలో చేరాయి. ఈలోగా 2022లో యుద్ధం మికొలాయివ్ గుమ్మం దాకా వచ్చింది. అందుచేత రెండో సప్లయర్ అన్న మాట వింటే నేవీలో ఎవరూ ముఖం తిప్పుకోరు. ఆ రెండోవాడు రుజువుతో రావాలి, అంతే.

వచ్చిన ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. కొచ్చిలో కట్టిన విమాన వాహక నౌక విక్రాంత్‌కు ఉక్కు మొదట రష్యా నుంచి రావాలి. ఆలస్యాలయ్యాయి. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్ 249ఏ అనే ఉక్కును తయారుచేసింది, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ దాన్ని తన ప్లాంట్లలో ఉత్పత్తి చేసింది. ఆ నౌకకు సెయిల్ ఇచ్చిన ప్రత్యేక ఉక్కు సుమారు 30,000 టన్నులు. విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న చేరింది. ఇక్కడ నాకు నచ్చే విషయం ఉక్కు కరిగించడం కాదు. ఆ ఉక్కును వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర ఎలా ఉంటుంది, చల్లటి నీళ్లలో దెబ్బ తగిలితే పగులుతుందా, ఏ ఎలక్ట్రోడ్ వాడాలి అన్నవన్నీ ఏళ్ల తరబడి పరీక్షించి కాగితాల మీద పెట్టారు. ఆ కాగితాలు వచ్చాకే నౌకాదళం మొగ్గింది.

మీది 30,000 టన్నులు కాదు, ఎనిమిది పంపులు. ఇక్కడే అసలు చిక్కు. ఒక లెక్క వేద్దాం, అంకెలు ఊహకే. మీ పంపు ధర లక్ష, పరీక్షలకూ ప్రోటోటైపుకూ కలిపి ఎనిమిది లక్షలు అనుకోండి. ఎనిమిది పంపులకే ఆ ఖర్చు పంచితే ఒక్కో పంపు మీద ఇంకో లక్ష పడుతుంది, మీ సగం ధర అక్కడికక్కడే ఆవిరైపోతుంది. పాత సప్లయర్ ఆ ఖర్చు ఎప్పుడో రాబట్టుకున్నాడు. కాబట్టి ఈ ఒక్క ఆర్డరు చూసి దిగొద్దు. ఆ పంపు ఎన్ని నౌకల్లో ఉంది, ఏటా ఎన్ని మారుస్తారు, అదే మోడల్ కోస్ట్‌గార్డులో ఉందా అన్నది తెలుసుకోండి. నౌక సేవలో ఉండేది పాతికేళ్లకు తక్కువ కాదు, పంపులూ స్పేర్లూ అంతకాలం కావాలి. 2025 కొనుగోలు మాన్యువల్ మీలాంటివాళ్లకు పనికొచ్చేది ఇక్కడే. దేశీయంగా అభివృద్ధి చేసిన వస్తువుకు ఐదేళ్ల వరకు ఆర్డర్ల హామీ ఇవ్వొచ్చు, ప్రత్యేక సందర్భాల్లో ఇంకో ఐదేళ్లు. అభివృద్ధి దశలో ఆలస్యానికి జరిమానా లేదు. తర్వాత కూడా వారానికి 0.1 శాతం చొప్పున, మామూలుగా 5 శాతానికి మించదు. విపరీతమైన జాప్యమైతే 10 శాతం. ఇది మీ చేతిలో ఉండగా కోర్టు గుమ్మం ఎందుకు?

దారి ఇలా ఉంటుంది. 2020 ఆగస్టులో రక్షణ శాఖ సృజన్ అనే పోర్టల్ పెట్టింది. దేశీయంగా తయారుచేయించాలనుకునే వస్తువుల జాబితాలు అందులో వేస్తారు. మీ పంపుగానీ దాని భాగాలుగానీ అందులో ఉన్నాయేమో చూడండి. అదే నెలలో నౌకాదళం తన ఆవిష్కరణ, స్వదేశీకరణ సంస్థను కూడా మొదలుపెట్టింది. లేఖ రాయాల్సింది కొనుగోలు గుమాస్తాకు కాదు, అక్కడికి. ఆ లేఖలో ధర రాయకండి. ఏ లోహంతో, ఏ గ్రేడ్ షాక్‌కు, ఏ పరీక్షలు ఎక్కడ చేయించడానికి సిద్ధమో రాయండి. టెక్నికల్ స్పెసిఫికేషన్ ఇవ్వమని, పరీక్షల ప్రణాళికకు ఆమోదం ఇవ్వమని అడగండి. ఆమోదం లేకుండా ముందే పరీక్షలు చేయించుకుని ఆ రిపోర్టు పట్టుకుని వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను. ఇన్‌స్పెక్టర్ సమక్షంలో జరగలేదు, బిగించిన పద్ధతి స్పెసిఫికేషన్‌లో లేదు, మళ్లీ చేయండి అంటారు. డబ్బు రెండుసార్లు పోతుంది. విద్యుదయస్కాంత పరీక్షలకు మీరు చెన్నై, బెంగళూరు వెళ్లనక్కర్లేదు, విశాఖ దగ్గరే గంభీరం అనే ఊళ్లో సమీర్ సంస్థ కేంద్రం అందుకే ఉంది.

ఇంకో సులువైన మెట్టు ఉంది, చాలామంది నామోషీ అనుకుని ఎక్కరు. ఆ పాత సప్లయర్‌కే వెండరుగా చేరండి. ఇంపెల్లర్లు, వేర్ రింగులు, షాఫ్ట్ స్లీవులు అతను ఎక్కడో చేయించుకుంటున్నాడు. రెండేళ్లు అతనికి చేస్తే నౌకాదళ ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మీ మిషన్ షాపుకు అలవాటవుతుంది. మీ ముక్కల మీద ఇన్‌స్పెక్టర్ ముద్ర పడుతుంది. ఆ తర్వాత స్పేర్లు నేరుగా ఇస్తామని అడిగితే వినేవాళ్లుంటారు. అయితే ఒక జాగ్రత్త. అతని డ్రాయింగు అతని సొత్తు. అది చూసి కాపీ కొట్టి నేవీకి ఇస్తే అప్పుడు నిజంగానే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది, మీరు ప్రతివాదిగా. పాత పంపును కొలిచి మీ సొంత డిజైన్ చేసుకోవడం వేరు, దానికి నౌకాదళమే నమూనా చూపిస్తుంది.

ఆర్టీఐ వేయండి, తప్పు లేదు. పీఏసీలో చూపిన కారణం ఏమిటని మాత్రమే అడగండి. ధరలు, డ్రాయింగులు అడిగితే 8(1) సెక్షన్ కింద భద్రత అనో, వ్యాపార రహస్యమనో తిప్పి పంపుతారు, మూడు నెలలు పోతాయి. కారణం గడిలో ‘సర్టిఫై అయిన ఏకైక మోడల్’ అని ఉంటే వదిలేసి మీ పని మీరు చూసుకోండి. ఖాళీగా గానీ, ‘యూజర్ రిక్వైర్‌మెంట్’ అని గానీ ఉంటే అప్పుడు మర్యాదగా ఒక రిప్రజెంటేషన్ ఇవ్వండి, ఇన్‌స్పెక్షన్‌కు సిద్ధమన్న లేఖ జతచేసి. కోర్టు విషయంలో నా సలహా వద్దనే. స్టే వచ్చినా ఆ నౌకకు పంపు లేకుండా పోతుందే తప్ప మీ పంపుకు షాక్ సర్టిఫికెట్ రాదు. జడ్జిగారు ఇవ్వలేని కాగితం అది.

ఈ వారం చేయగలిగింది ఒకటి చెబుతాను. మీకు పోత పోసే ఫౌండ్రీకి వెళ్లి, గన్‌మెటల్ ఇంపెల్లర్ ఒకటి పోయమనండి. పోసేటప్పుడు మీరు అక్కడే నిలబడండి. హీట్ నంబరు ముక్క మీదే రావాలనండి, అదే కరుగు నుంచి టెస్ట్ బార్ కూడా పోయించి, రెండింటినీ బయట ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో చూపించండి. రిపోర్టులో తగరం, జింకు, సీసం శాతాలు వాళ్లు చెప్పినట్టే వస్తే నాకు రాయండి, పరీక్షల ప్రణాళిక ఎలా రాయాలో కూర్చుని చూద్దాం. తేడా వస్తే ముందు ఫౌండ్రీ మార్చండి.